ఇల్లాలి వాటా

లక్ష పూర్తయిందని తారాదేవి ఫోన్ చేసేసరికి ఉదయం పది దాటి పది నిమిషాలు. ఆ మాట వినగానే సూర్యకుమారి కుర్చీలోంచి లేవబోయింది. మొదటిసారి మోకాళ్ళు సహకరించలేదు. రెండోసారి లేచింది.

"స్పీకరు పెట్టవే అరుణా. నేనూ వింటాను."

అరుణశ్రీ స్పీకరు పెట్టింది. ఐసీయూ పక్కన బంధువుల కోసం ఉంచిన గది అది. అత్తాకోడళ్ళు తప్ప ఎవరూ లేరు.

"అమ్మా, అయిపోయిందమ్మా! లక్ష కంప్లీట్!" తారాదేవి గొంతు గదంతా వినిపించింది. "డెబ్బై నాలుగు మందిమి, ఐదు దినాలు. షీట్ల టోటల్ రెండుసార్లు చూసిన. లాస్ట్‌ల మిగిలిన పదకొండు వందల పదహారు మన అరుణ పొద్దున తొమ్మిదీ ఇరవైకి పంపింది. ఇంటి ఇల్లాలి వాటా పడ్డంకనే సంకల్పం పూర్తయితదని నేను ముందే చెప్పిన గద."

"నీ నోట్లో పంచదార పొయ్య తల్లీ. నీ రుణం ఎలా తీర్చుకుంటానో."

"అట్లనకుండ్రి అమ్మా. రంగనాథ్ లేచి కూసున్నంక అందరం మీ ఇంటికొచ్చి మీ చేతి పులిహోర తింటం. అరుణా, ఉన్నవా లైన్ల?"

"ఉన్నానండి."

"ట్రైన్ల పోవుకుంట వచ్చుకుంట చేసినవంట గద. ఇంత టెన్షన్ల ఎవలు చేస్తరు? గ్రేట్."

తారాదేవికి పదిన్నరకి ఆఫీసులో మీటింగు ఉంది. పెట్టేసింది.

తారాదేవి ఒక బ్యాంకులో ప్రాజెక్టులు నడుపుతుంది. మృత్యుంజయ జపాన్నీ అలాగే నడిపింది. సోమవారం పొద్దున వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఎవరు ఎన్ని చేస్తే అన్ని అని గ్రూపులో వెయ్యాలి. గుళ్ళో అయినా, రైల్లో అయినా, మనసులో అయినా సరే. ఒకరి వాటా ఇంకొకరు చెయ్యకూడదు. రోజుకు రెండుసార్లు మొత్తం ప్రకటించేది. పుంగ్గోల్, పాసిర్ రిస్, టోవా పాయో, ఈ పరాయి దేశంలో ఎక్కడెక్కడి పేటల తెలుగువాళ్ళో చేరారు. వాళ్ళలో సగం మంది రంగనాథ్‌ని చూసి ఎరగరు. సూర్యకుమారి ఒక్కతే పన్నెండు వేలు చేసింది. ఆమె గొంతు బొంగురుపోయింది.

గురువారానికి మొత్తం తొంభై ఎనిమిది వేల ఎనిమిది వందల ఎనభై నాలుగు. ఇవాళ పొద్దున తారాదేవి గ్రూపులో రాసింది: అరుణశ్రీ గారూ, ఇంక మీ వాటా ఒక్కటే. దాని కింద పదహారు మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

అరుణశ్రీ అప్పుడు రైల్లో ఉంది. ఆ బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే చూసింది. 1,116 అని కొట్టింది. పంపింది.

ఆమె చేసింది రెండు మాలలు. సోమవారం నాడు, రెండు వందల పదహారు. మిగతా తొమ్మిది వందలు చెయ్యలేదు.

"ఇంక డాక్టరమ్మని పిలిపించు," అంది సూర్యకుమారి.

"దేనికత్తయ్యా?"

"గొట్టం తీసెయ్యమని చెప్పడానికి."

అరుణశ్రీ అత్తగారి మొహంలోకి చూసింది.

రంగనాథ్ బ్యాడ్మింటన్ కోర్టులో పడిపోయి ఇవాళ్టికి పదో రోజు. మెదడులో నరం చిట్లింది. ఆపరేషన్ చేశారు. ఇంక కోలుకోడని నాలుగో రోజున చెప్పారు. అప్పట్నుంచి డాక్టర్ లిమ్ మూడుసార్లు వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడింది. మూడుసార్లూ సూర్యకుమారిది ఒకటే జవాబు: జపం పూర్తయ్యేదాకా వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. సంతకాలేవీ అక్కర్లేదనీ, ఇంట్లోవాళ్ళు ఒక మాట మీదికి వచ్చాకే ఊపిరి ఆడించే మిషన్ ఆపుతామనీ డాక్టర్ చెప్పింది. ఇంట్లోవాళ్ళంటే వీళ్ళిద్దరే.

"అలా చూస్తావేంటే? వాడు పీల్చడానికి ఆ గొట్టమే అడ్డం. నోట్లో అంత గొట్టం కూరితే నువ్వు పీలుస్తావా, నేను పీలుస్తానా? లక్ష అయింది. తీసెయ్యమను. వాడే పీలుస్తాడు."

"డాక్టరేం చెప్పిందో మీకు చెప్పాను కదత్తయ్యా. తీస్తే..."

"తీస్తే ఏవవుద్దో నాకు చెప్పకు. ఆవిడ చదువు ఆవిడిది. నేను కాదన్నానా? ఆగమన్నాను. ఆగింది. ఇప్పుడు నేనే తియ్యమంటున్నాను. ఆవిడకీ అదేగా కావాలి?"

"ఆవిడకి కావాలని కాదు."

"మరి నీకా?"

సూర్యకుమారి ఆ మాట అనేసి అక్కడే మర్చిపోయింది. చేతిసంచీలో ఏదో వెతుకుతోంది.

"వాడి కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయినట్టుంది. వెళ్ళి పట్రా. లేవగానే ఏవీ కనపడక కంగారు పడతాడు. ఓ చొక్కా కూడా తే. ఈ ఆసుపత్రి గౌను వాడికి నచ్చదు."

"మీటింగు అయ్యాక తెస్తాను."

"అయ్యాక తెస్తే ఏం లాభం? ముందే తే."

నర్సుని అడిగితే డాక్టర్ లిమ్ మూడు గంటలకి వస్తుందని చెప్పింది.

*

పుంగ్గోల్‌లో వాళ్ళ ఫ్లాట్ పదకొండో అంతస్తులో ఉంది. పక్క ఫ్లాట్ రాజమ్మది. ఆమెకు అరవై తొమ్మిదేళ్ళు. తాత విశాఖ నుంచి ఓడరేవు పనికి వచ్చాడు. రాజమ్మ ఇక్కడే పుట్టింది. ఆమె తెలుగులో తమిళం సగం, మలాయ్ కొంత. అరుణశ్రీ కూతురు శాలిని ఆమెని పాటి అని, అమ్మమ్మ అనే అర్థంలో, పిలుస్తుంది. ఈ పది రోజులూ ఆమె దగ్గరే ఉంటోంది. జూన్ సెలవులు కాబట్టి బడి గొడవ లేదు.

శాలినికి పదకొండేళ్ళు. ఇక్కడి పిల్లల్లాగే ఇంగ్లీషు కలిపి, మాటల చివర వాట్, లా చేర్చి మాట్లాడుతుంది. నూడుల్స్ తింటున్నదల్లా తల్లిని చూసి ఫోర్కు పక్కన పెట్టింది.

"నానమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. వన్ లాక్ ఫినిష్ ఆల్రెడీ అంది."

"అవునమ్మా."

"సో నాన్న ఇవాళ లేస్తాడా, టుమారోనా?"

"తెలీదు."

"బట్ ఫినిష్ కదా?"

"ఫినిష్ అయితే లేస్తాడని ఎవరు చెప్పారు?"

"నానమ్మ చెప్పింది వాట్. ప్రామిస్ చేసింది. నేను కూడా చేశాను, యూ నో. వన్ హండ్రెడ్ అండ్ ఎయిట్. తారా ఆంటీ నా నేమ్ షీట్‌లో పెట్టింది."

ఆ సంగతి అరుణశ్రీకి తెలియదు. కూతురి పక్కన కూర్చుంది.

"ఎప్పుడు చేశావు?"

"ట్యూస్‌డే. రాజమ్మ పాటి హెల్ప్ చేసింది. ప్రొనన్సియేషన్ వెరీ హార్డ్ లా." శాలిని తల్లి మొహం చూసింది. "కౌంట్ చేసి కూడా తెలీదంటే, వాట్ ఫర్ కౌంట్?"

వంటగదిలోంచి రాజమ్మ కేకేసింది. "శాలినీ, పోయి ఆ గుడ్డలు తీయి. వాన వచ్చేటట్టుంది."

వాన వచ్చేటట్టేమీ లేదు. శాలిని వెళ్ళింది. రాజమ్మ ఒక ప్లేటులో అన్నం, చారు పెట్టి తెచ్చింది.

"తిను."

"తిన్నానాంటీ."

"అబద్ధం చెప్పకు. మాకన్ లేకుండా, తిండి లేకుండా పది నాళ్ళు ఎట్లా తిరుగుతావు? మూడు ముద్దలు తిను చాలు. నేను లెక్క పెడతాను."

అరుణశ్రీ మూడు ముద్దలు తింది.

"నీ అత్త పొద్దున నాకూ ఫోన్ చేసింది. జపం ముగిసిందని సంతోషంలో ఏడ్చింది. నువ్వు మాత్రం ఇట్లా ఉన్నావు."

"ముగియలేదాంటీ."

"ఏమి?"

"తొమ్మిది వందలు తక్కువ. నా వాటా. నేను చెయ్యలేదు. చేశానని రాశాను."

రాజమ్మ వీధి తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. "టైమ్ లేకనా?"

అరుణశ్రీ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడావిడ గొట్టం తీసెయ్యమంటోందాంటీ. తీస్తే ఆయన లేస్తాడట. మూడింటికి మీటింగు."

"డాక్టర్ ఏమంటుంది, తీస్తే?"

"గంటో, రెండు గంటలో. మహా అయితే సాయంత్రం దాకా."

"నువ్వేమి అనుకుంటున్నావు?"

"తియ్యాలి. డాక్టరు చెప్పిన రోజు నుంచీ అదే అనుకుంటున్నాను."

"అయితే నోరు మూసుకో," అంది రాజమ్మ. "నీ అత్త సరే అనింది గదా. నువ్వు చెప్పినావంటే మళ్ళీ మొదటికి వస్తుంది. తొమ్మిది వందలు కాదు, ఇంకొక లక్ష అంటుంది. నీ పురుషుడు అట్లే పడి ఉంటాడు. అది సుసా, అమ్మాడి. ఆయనకీ కష్టం, చూసేవాళ్ళకీ కష్టం."

"చెప్పకపోతే ఆయన పోతాడు. లక్ష చేసినా దేవుడు వినలేదనుకుంటుంది ఆవిడ."

"అనుకోనీ."

"పన్నెండు వేలు చేసిందాంటీ. గొంతు బొంగురుపోయింది."

రాజమ్మ ప్లేటు తన వైపు లాక్కుని మిగిలిన అన్నాన్ని ఒక పక్కకు చేర్చింది.

"నా పురుషునికి కడుపులో క్యాన్సర్ వచ్చినప్పుడు తైపూసం పండగకి పాలకుడం, పాలబిందె, నెత్తిన ఎత్తుతానని మొక్కినాను. పండగకి పన్నెండు నాళ్ళ ముందు పోయినాడు. ఆ ఏడు మైల. మరుసటేడు ఎత్తినాను."

"ఆయన పోయాక కూడానా?"

"మాట ఇచ్చింది నేను గదా. సామి ఇయ్యలేదు. ఆయన ఏ నాడూ ఎవరికీ ఏదీ ఇస్తానని చెప్పలేదు. మనమే చెప్పుకుంటాము."

"మరెందుకు ఎత్తారు?"

రాజమ్మ ఆలోచించింది. "ఎత్తకపోతే ఇంకేమి చెయ్యాలో తెలియలేదు," అంది.

కళ్ళజోడూ చొక్కా తీసుకుని అరుణశ్రీ మళ్ళీ రైలెక్కింది. పన్నెండుంబావు. ఒక మాలకి ఇరవై నిమిషాలు. తొమ్మిది వందలంటే మూడు గంటలకి కొంచెం తక్కువ. ఇప్పుడు మొదలుపెట్టి ఎక్కడా ఆగకపోతే మూడింటికల్లా దాదాపు అయిపోతుంది. కళ్ళు మూసుకుంది. రెండోసారి మంత్రం సగంలోనే ఆగిపోయింది. ఆగినచోట వేరే మాట వచ్చి కూర్చుంది. సోమవారం నుంచీ వస్తున్న మాటే.

కళ్ళు తెరిచింది. ఎదుటి సీట్లో ఎవరో ఫోనులో ఆట ఆడుకుంటున్నారు.

*

తారాదేవి ఆసుపత్రి కింద, లిఫ్టుల దగ్గర నిలబడి ఉంది. ఆఫీసు కార్డు ఇంకా మెడలోనే ఉంది. భోజనం టైములో టాక్సీలో వచ్చింది.

"గుళ్ళె అర్చన చేయించిన. ఇదో, విభూతి. రంగనాథ్ నుదుటికి నువ్వే పెట్టు. చేసిన చేత్తోనే పెట్టాలె."

పొట్లం అరుణశ్రీ చేతిలో పెట్టింది.

"తారగారూ, నేను మీకొకటి చెప్పాలి."

"థాంక్సా? వద్దు తల్లీ. పొద్దున్నుంచి అందరు అదే." తారాదేవి ఆమెను పక్కకు జరిపింది. లిఫ్టులోంచి వీల్‌చైర్ వస్తోంది. "నిజం చెప్పాల్నా? నాకు ఈ షీట్ మీద డౌట్ ఉండె. ఒకాయన ఒక్క దినంల ఆరు వేలు ఏసిండు. ఆఫీసుకు పోయొచ్చి ఆరు వేలు ఎవడు చేస్తడు? ఇంకో ఆమె రోజూ కరెక్టుగ వెయ్యి. రౌండ్ ఫిగర్. నేను అడగలే. అడిగితే మనసు కష్టపెట్టుకుంటరు. మళ్ళ లక్ష ఎప్పుడైతది?"

అరుణశ్రీ పొట్లం వైపు చూసింది.

"అందుకే ఇల్లాలి వాటా అని పెట్టిన. ఎవలేం రాసినా, చివరివన్న అసలైనవి ఉండాలె కద. నీవి అసలైనవి. అది చాలు." తారాదేవి టైము చూసుకుంది. "రెండున్నరకి కాల్ ఉంది నాకు. ఏదో చెప్పాలన్నవు?"

"ఏం లేదండి."

పైన, ఐసీయూలో ఒకసారికి ఇద్దరినే రానిస్తారు. అత్తాకోడళ్ళు లోపలికి వెళ్ళారు. రంగనాథ్ తల మీద కట్టు. నోట్లో గొట్టం, చెంపలకి టేపు. ఛాతీ నిమిషానికి పద్నాలుగుసార్లు లేస్తోంది. ఆ అంకె మిషన్ మీద ఉంది. దాన్ని డాక్టర్లు నిర్ణయించారు.

"పెట్టు," అంది సూర్యకుమారి.

అరుణశ్రీ వేలితో విభూతి తీసింది. కట్టుకీ కనుబొమలకీ మధ్య రెండు వేళ్ళ చోటు ఉంది. అక్కడ పెట్టింది. నుదురు వెచ్చగానే ఉంది.

సూర్యకుమారి కొడుకు చెవి దగ్గరికి వంగింది. "రంగా," అంది. ఆ మాటలో గాలి తప్ప ధ్వని లేదు. "ఇంకో గంట నాన్నా. ఇంకో గంట ఓపిక పట్టు."

*

మూడు గంటలకి డాక్టర్ లిమ్ వచ్చింది. పక్కన ఒక నర్సు. మొదటి మీటింగుకి ముందే దుబాసీ కావాలా అని ఆసుపత్రివాళ్ళు అడిగారు. తమిళానికి మనిషి ఉన్నారు, తెలుగుకి ఆ రోజు దొరకలేదు. నేనే చెబుతాను అంది అరుణశ్రీ. అప్పట్నుంచి అన్ని మీటింగుల్లోనూ ఆమే చెబుతోంది.

నిన్నటికీ ఇవాళ్టికీ ఏ మార్పూ లేదని డాక్టర్ చెప్పింది. అరుణశ్రీ అది తెలుగులో చెప్పింది.

"సరే. ఇప్పుడు నా మాట చెప్పు. గొట్టం తీసెయ్యమను. నాకేం అభ్యంతరం లేదు."

అరుణశ్రీ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ రాస్తున్నది ఆపి సూర్యకుమారిని చూసింది. తర్వాత అరుణశ్రీని చూసింది.

"ఆమె ఒప్పుకోవడం నాకు ముఖ్యమే. కానీ దేనికి ఒప్పుకుంటున్నారో తెలిసి ఒప్పుకోవాలి. ట్యూబ్ తీశాక ఆయన చనిపోతారు. దయచేసి ఆ మాటని అదే మాటగా చెప్పండి."

గడిచిన మూడు మీటింగుల్లోనూ అరుణశ్రీ ఆ మాటని అలా చెప్పలేదు. ఒకసారి కష్టమంటున్నారంది. ఒకసారి ఆశ పెట్టుకోవద్దంటున్నారంది. మూడోసారి, మన చేతుల్లో లేదంటున్నారంది. ఏ ఇంట్లోనైనా తల్లితో ఇలాగే చెబుతారు. డాక్టర్‌కి తెలుగు రాదు. కానీ తాను చెప్పిన దానికి ఆ తల్లి మొహం మూడుసార్లూ మారలేదన్నది ఆమె గమనించింది.

"అత్తయ్యా, గొట్టం తీశాక ఆయన చనిపోతారు."

సూర్యకుమారి కదల్లేదు. "అది ఆవిడ మాట. మన మాట కూడా చెప్పాలిగా. లక్ష పూర్తయిందని చెప్పు. చివరి పదకొండు వందల పదహారు ఇల్లాలే చేసిందని చెప్పు. 'నేను చేశాను' అని నీ నోటితో నువ్వే చెప్పు. చైనావాళ్ళకి మాత్రం దేవుడు లేడా? ఆవిడకి అర్థమవుద్ది."

అరుణశ్రీ డాక్టర్ వైపు తిరిగింది. "మేం ప్రార్థన చేస్తున్నాం, సోమవారం నుంచి. చాలామందిమి. లక్షసార్లు," అంది ఇంగ్లీషులో. "అది పూర్తయితే..."

అక్కడ ఆగింది.

"పూర్తయితే ఆయన కోలుకుంటారని ఆమె నమ్ముతున్నారా?"

"అవును."

"మీరో?"

"ఏవంటోందే?" సూర్యకుమారి కోడలి మోచెయ్యి పట్టుకుంది. "చెప్పేవా? నువ్వు చేసేవని చెప్పేవా?"

మరో మూడు మాటలు చాలు. ఎస్, ఐ డిడ్. సూర్యకుమారికి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. మిషన్ ఆగుతుంది. అరుణశ్రీ ఏది సరైనదని అనుకుంటోందో అదే జరుగుతుంది. మోచేతి మీద అత్తగారి వేళ్ళు ఉన్నాయి. జపమాల తిప్పి తిప్పి బొటనవేలు కాయకాసింది.

"నేను చెయ్యలేదత్తయ్యా."

"ఏవిటి?"

"నా వాటా. రెండు మాలలే చేశాను. తొమ్మిది వందలు చెయ్యలేదు. పొద్దున ఊరికే అంకె వేశాను."

డాక్టర్ ఇద్దరినీ చూసింది.

"రైల్లో చేస్తున్నానన్నావు."

"మీరు అనుకున్నారు. నేను కాదనలేదు."

"తొమ్మిది వందలు," అంది సూర్యకుమారి. "మూడు గంటల పని. నా మోకాళ్ళతో నేను కూర్చున్నాను. ఆ రాజమ్మగారు పసిదాని చేత చేయించింది. ఊరూపేరూ తెలీనివాళ్ళు చేసేరు. మొగుడి కోసం నీకు మూడు గంటలు లేవా?"

"ఉన్నాయి."

"మరి?"

"కళ్ళు మూసుకుంటే మంత్రం రావట్లేదత్తయ్యా. ఇంక చాలు, తీసుకుపో అని వస్తోంది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే. ఉంచమని అడగాల్సిన చోట కూర్చుని, తీసుకుపొమ్మని అడుగుతున్నాను. అందుకని మానేశాను."

సూర్యకుమారి చెయ్యి తీసేసింది.

"ఎప్పట్నించి?"

"సోమవారం నుంచి."

నర్సు మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. సూర్యకుమారి దానివైపు చూడలేదు.

"సోమవారం నుంచి డెబ్బై ముగ్గురం ఉంచమన్నాం," అంది. "నువ్వొక్కదానివి తీసుకుపొమ్మన్నావు."

"అత్తయ్యా..."

"ఆ దేవుడు నీ మాటే విన్నాడు."

తిట్టినట్టు అనలేదు. వార్త చెప్పినట్టు అంది. అరుణశ్రీకి ఏడుపు వస్తే బాగుండుననిపించింది. రాలేదు.

"ఆవిడతో చెప్పు, నన్నేం అడగొద్దని. నేను ఔననను, కాదనను. అడగాల్సిన చోట నువ్వు ముందే అడిగేవు. ఇక్కడా నువ్వే అడుగు."

సూర్యకుమారి లేచి బయటికి వెళ్ళింది. తలుపు దానంతట అదే మూసుకుంది. అద్దంలోంచి ఆమె కనిపిస్తోంది. ఐసీయూ వైపు నాలుగడుగులు వేసి ఆగింది. లోపలికి వెళ్ళలేదు. వెనక్కీ రాలేదు.

"ఆమె ఏమన్నారు?" డాక్టర్ అడిగింది.

"నిర్ణయం నాదేనన్నారు."

మిగతాది ఆమె ఇంగ్లీషులో చెప్పలేదు.

డాక్టర్ లిమ్ పెన్ను తీసుకుంది. "తొందరేమీ లేదు. కానీ నన్ను అడిగితే, ఆలస్యం వల్ల ఆయనకి మేలేమీ లేదు," అంది. "మీరు చెప్పండి. ఇవాళ చేద్దామా?"

అరుణశ్రీ నోరు తెరిచింది. సోమవారం నుంచీ కళ్ళు మూసుకుంటే పిలవకుండా వచ్చిన మాట. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషి కూర్చుని, పెన్ను పట్టుకుని, అడగమంటోంది.

ఆ మాట రాలేదు.